మూడో ప్రయాణానికి మేం రాసిన జాబితా

ఆ రెండో శనివారం కొత్తకోటలో, హైవే పక్కన లారీ సీట్లు కుట్టే దుకాణం వెనక గదిలో ఉన్నవి ఇవి. మనుషులు నలుగురు. గవ్వలు ఏడు. ట్రేసింగ్ గుడ్డ మీద నల్ల సిరాతో గీసిన నక్షత్ర పటాలు మూడు. అట్టలు ఊడిన నోటుపుస్తకాలు రెండు. మూత మీద సొట్ట పడ్డ ట్రంకు పెట్టె ఒకటి. కొబ్బరి పీచు బస్తాలు ఆరు, వాటిలో నాలుగు మాకు కుర్చీలు. గోడకు ఆనించిన ఎర్ర రెగ్జిన్ చుట్ట ఒకటి. చాయ్ గ్లాసులు నాలుగు. చివరగా, పిన్ను కొట్టిన ఫుల్‌స్కేప్ కాగితాలు నాలుగు. వాటి మీద చేతిరాత నాది.

నలుగురమూ మహబూబ్‌నగర్‌లో పాలిటెక్నిక్ చదివినవాళ్ళం, ఒకే హాస్టల్ గదిలో మూడేళ్ళు ఉన్నవాళ్ళం. ఆ దుకాణం యజమాని కొడుకును మేం ఉస్తాద్ అనేవాళ్ళం. రెండోవాడు యాదగిరిగుట్ట నుంచి వచ్చాడు. గుట్ట కింద వాళ్ళకు కొబ్బరికాయల దుకాణం, పైన యాత్రికులకిచ్చే నాలుగు గదులు ఉన్నాయి. వాడు మాకు గుట్టోడు. మూడోవాడు ఎలక్ట్రికల్ చదివి మహబూబ్‌నగర్ దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో పనిచేస్తున్నాడు. వాడు కరెంటోడు. నాలుగోవాణ్ణి నేను. సివిల్ డిప్లొమా, హుజూర్‌నగర్ వైపు కాలువ పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. ప్రతిదీ రాసుకునే అలవాటు వల్ల నా పేరు రిజిస్టరు. మా ఇంట్లో గొర్రెల మంద ఉండేది. సాయంత్రం దొడ్డి తడిక దగ్గర నిలబడి, లోపలికి పోయే జీవాలను లెక్కపెట్టడం చిన్నప్పుడు నాకు అప్పగించిన పని. ఆ అలవాటు అక్కణ్ణుంచి వచ్చిందనుకుంటాను.

ఆ రోజు తేలవలసింది ఒకటి ఉంది. ఉస్తాద్ కట్టిన అంతరిక్షపు ఆటలో మూడో భాగం కోసం మేం రెండున్నరేళ్ళుగా ఎదురుచూస్తున్నాం. అది బాగుంటే ఇంకా కొన్నేళ్ళు మేం నలుగురం ఇలా ఒకచోట కూర్చుంటాం. బాగాలేకపోతే కూర్చోవడానికి మాకు వేరే కారణం లేదు. ఈ మాట ఎవరమూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

ఆట గురించి చెప్పాలి. ఉస్తాద్ మేనమామ గల్ఫ్‌లో తెల్లదొరల ఇంట్లో పనిచేసి, తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళు పారేసిన సామానులో ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో సగం చిరిగిన ఇంగ్లీషు పుస్తకం ఉంది. పెట్టెలో ఉండవలసిన పాచికలు లేవు. ఆ పుస్తకం చెప్పేదేమిటంటే, ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు తలా ఒక మనిషి వేషం వేసుకుంటారు. ఎదురుగా ఏముందో కథ నడిపేవాడు చెబుతాడు, తమ మనిషి ఏం చేస్తాడో మిగతావాళ్ళు చెబుతారు. ఆ పని జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. ఓడలు, గ్రహాలు, యంత్రాలు అన్నీ అందులో ఉన్నాయి. సగం పేజీలు లేవు కాబట్టి మిగతా సగం ఉస్తాద్ తనే కల్పించుకున్నాడు. పాచికల బదులు వాళ్ళ నానమ్మ పచ్చీసు ఆడే ఏడు గవ్వలు తెచ్చాడు. నాలుగు, అంతకంటే ఎక్కువ వెల్లకిలా పడితే పని అయినట్టు. మూడు పడితే సగం అయినట్టు. అంతకంటే తక్కువైతే దెబ్బ తగిలినట్టు.

మొదటి ప్రయాణం డిప్లొమా రెండో ఏడు, ఆదివారం మధ్యాహ్నాలు ఆడాం. ఒక ఎండిపోయిన గ్రహానికి, దూరంగా ఉన్న ఒక చంద్రుడి మీది నుంచి మంచుగడ్డ మోసుకుపోయే ఓడ మాది. గుట్టోడు నడిపేవాడు, కరెంటోడు ఇంజను చూసేవాడు, నేను సామాను. ఓడ ఎలా ఉంటుందని అడిగితే ఉస్తాద్ వాళ్ళ దుకాణం ముందు ఆగే లారీలనే చెప్పాడు. ఎర్ర రెగ్జిన్ సీటు, దానికి కుచ్చులు, ముందు అద్దానికి కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ. అందుకే మేం దాన్ని ఓడ అనలేదు, లారీ అనే అన్నాం.

ఒక ఆదివారం ఆ చంద్రుడి మీద నేల బీటలువారి లారీ కూరుకుపోతున్నప్పుడు ఉస్తాద్ గుట్టోడి వంక చూసి, "ఏం చేస్తవు? జల్ది చెప్పు" అన్నాడు.

"నేను చాయ్ తాగడానికి దిగుతున్న" అన్నాడు గుట్టోడు.

కరెంటోడు వాడి వీపు మీద ఒకటి వేశాడు. "లారీ మునుగుతాంది రా, చాయ్ ఏందిరా నీకు!"

ఉస్తాద్ నవ్వలేదు, కోప్పడలేదు. గుట్టోడి మొహం కేసి కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "దిగినవు. బీట అంచు మీద ఒక ముసలవ్వ బొగ్గుల పొయ్యి పెట్టుకొని కూసున్నది. గీ చంద్రుని మీద గాలి లేదు గదా, మంట ఎట్ల మండుతాందని నువ్వు అడిగినవు. గదంతా నీకెందుకు బిడ్డా, చక్కెర ఎంత అన్నది."

గవ్వలు వేశాం. అయిదు పడ్డాయి. అవ్వ మాకు గట్టి నేల ఎక్కడుందో చూపించింది. ఆ ప్రయాణంలోనూ, రెండోదాంట్లోనూ మేం ఏ గ్రహం మీద దిగినా ముందు చాయ్ అవ్వ కోసమే వెతికాం. చాలాసార్లు ఆమె ఉండేది కాదు. ఎప్పుడో ఒకసారి, ఉండకూడని చోట, ఉండేది.

రెండో ప్రయాణం ఆఖరి ఏడాదంతా నడిచింది. చివరి పరీక్ష అయిన మర్నాడు పొద్దున, ట్రంకులు కట్టుకున్న తర్వాత, దాని ముగింపు ఆడాం. లారీ పేరులేని ఒక గ్రహం మీద దిగి ఉంది. బయట పీల్చే గాలి లేదు. దగ్గరలో ఇంకో ఓడ లేదు. ముగ్గురమూ లోపలే ఉన్నాం, తలుపు బిగించి ఉంది. అప్పుడు ఉస్తాద్ తన ట్రంకు మూత మీద వేలి కణుపులతో మూడుసార్లు కొట్టాడు.

టక్. టక్. టక్.

"బయటి నుంచి ఎవరో తలుపు కొడుతున్నరు" అన్నాడు. "ఇంతే. మిగిలింది మూడో దాంట్ల."

గుట్టోడు వాడి గల్లా పట్టుకున్నాడు. "ఎవరో చెప్పి బస్సెక్కు." ఉస్తాద్ చెప్పలేదు. నవ్వుతూనే బస్సెక్కాడు.

ఆ తర్వాత మా ఉద్యోగాలు మొదలయ్యాయి. ఉస్తాద్‌కు దొరకలేదు. మార్కుల్లో మా ముగ్గురికంటే ముందున్నవాడు. మూడు చోట్ల రాశాడు, రెండు చోట్ల పిలిచారు, ఎక్కడా తీసుకోలేదు. దుకాణంలో తండ్రి పక్కన సూదీ దారం పట్టుకున్నాడు. నేను చూసినంతలో వాడికి ఆ పని చిన్నతనంగా అనిపించలేదు, ఇష్టంగానూ అనిపించలేదు. వాడు నిజంగా ఉస్తాద్ అయింది ఒక్క ఆటలోనే.

మేం రెండు మూడు నెలలకోసారి మహబూబ్‌నగర్ బస్టాండు ఎదురు హోటల్లో కలిసేవాళ్ళం. ప్రతిసారీ మొదటి మాట అదే.

"ఏం ఉస్తాద్, మూడోది యాడిదాక వచ్చింది?"

"వస్తది తియ్యి. జర ఆగుండ్రి."

"రెండేండ్ల సంది ఆగుతున్నం. గా బయటోడు కొట్టి కొట్టి చేతులు వాచి ఉంటయి పాపం. జండూ బాం పెట్టి పంపు" అనేవాడు గుట్టోడు.

ఉస్తాద్ గ్లాసులోకి చూసేవాడు. మొదటి ఏడాది ఆ చూపులో రహస్యం ఉందనుకున్నాం.

కలిసినప్పుడల్లా పాత ప్రయాణాలను మళ్ళీ చెప్పుకునేవాళ్ళం. ఇక్కడ నేను గమనించింది ఒకటి ఉంది. రెండో ప్రయాణంలో ఒక ఇసుక తుఫాను వచ్చింది. నా నోటుపుస్తకం ప్రకారం అది ఒక మధ్యాహ్నం, గవ్వలు తొమ్మిది సార్లు వేశాం. మొదటి ఏడాది చివర కరెంటోడు దాన్ని రెండు ఆదివారాల తుఫాను అన్నాడు. రెండో ఏడాదికి అది మూడు ఆదివారాలైంది, గుట్టోడు అందులో ఒక చేయి పోగొట్టుకున్నాడు. నా పుస్తకంలో ఆ సంగతి లేదు. అయినా నేను సరిదిద్దలేదు. నాకూ అది పెద్ద తుఫానుగానే గుర్తుంది.

తలుపు అవతల ఎవరన్న దాని మీద ముగ్గురివీ మూడు మాటలు. గుట్టోడు అవ్వే అన్నాడు. "చాయ్ చల్లారుతాందని వచ్చింది." కరెంటోడు అది ఆ గ్రహంవాళ్ళ భాష అన్నాడు, తలుపు కొట్టడమే వాళ్ళకు మాట్లాడటం. నేను వేరే చెప్పాను. రెండో ప్రయాణం మధ్యలో మాకు కూలిపోయిన పాత ఓడ ఒకటి దొరికింది. దాని దినచర్య పుస్తకంలో అయిదుగురి పేర్లు ఉన్నాయి, శవాలు నాలుగే ఉన్నాయి. ఆ అయిదోవాడే తలుపు కొట్టాడు. లెక్క సరిపోతుంది. ఇది నా వాదన.

రెండో ఏడాది దాటాక ఉస్తాద్ దగ్గర నుంచి నాకొక పోస్టుకార్డు వచ్చింది. మూడు వాక్యాలు. మూడోది కదలడం లేదు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా తలుపు దగ్గరే ఆగిపోతోంది. మీకేం కావాలో ముగ్గురూ అనుకొని చెప్పండి.

ఆ కార్డును నేను సరిగా చదవలేదు. వాడు మమ్మల్ని పిలుస్తున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఒక ఆదివారం వచ్చి ఎదురుగా కూర్చోమని అడిగాడేమో. అప్పుడు నాకు కనిపించింది "ఏం కావాలో చెప్పండి" అన్న మాటే. ఆ మాటకు నా ఉద్యోగంలో ఒక పద్ధతి ఉంది. కాలువ పని ఎవరికైనా అప్పగించేముందు ఒక షెడ్యూలు రాస్తాం. వరుస సంఖ్య, పని వివరం, పరిమాణం, రిమార్కులు. పని చేసేవాడు ఒక్కొక్కటీ పూర్తి చేస్తాడు, మేం కొలిచి టిక్కు పెడతాం. షెడ్యూలులో లేనిది చేయమని ఎవరూ అడగకూడదు, ఉన్నది చేయకుండా ఎవరూ పోకూడదు. తగాదాలు రాకుండా ఉండటానికి దానికంటే మంచి ఏర్పాటు నేను చూడలేదు.

ఒక సెలవు రోజు గుట్ట మీద, యాత్రికులు లేని ఒక గదిలో ముగ్గురం కూర్చున్నాం. కార్బన్ కాగితం పెట్టి నేను రాశాను. ఓడ కింద పద్నాలుగు అంశాలు, మనుషుల కింద పదిహేడు, గ్రహాల కింద పదకొండు, ప్రమాదాల కింద పన్నెండు, ముగింపు కింద ఎనిమిది. కుచ్చుల సీటు ఉండాలి. చాయ్ అవ్వ ఉండాలి. గుట్టోడి చేయి తిరిగి రావాలి. ఇసుక తుఫానుకంటే పెద్ద ప్రమాదం ఒకటి ఉండాలి. మంచు చేరవలసిన గ్రహానికి చేరాలి. తలుపు దగ్గర ఎవరన్న దాని మీద ముగ్గురికీ ఒప్పందం కుదరలేదు. అందుకని ఓటు పెట్టాం. కరెంటోడు నా వైపు వచ్చాడు. రెండు, ఒకటి. మనుషుల కింద మొదటి అంశంగా రాశాను. "తలుపు కొట్టినది పాత ఓడ అయిదో మనిషి అయి ఉండాలి."

మొత్తం అరవై రెండు అయ్యాయి.

గుట్టోడు కాగితాలు తిప్పి చూశాడు. "అరవై రెండా? గిదేం లెక్క రా, మొండిగ ఉన్నది. ఇంకొకటి కలుపు."

"ఏం కలపాలె?"

"నాలుగో ప్రయాణం ఉండాలె అని రాయి. లేకుంటే వీడు మూడోదానితోని తప్పించుకుంటడు."

రాశాను. ముగింపు కింద తొమ్మిదోది, మొత్తంలో అరవై మూడోది. ముగ్గురం కింద సంతకాలు కూడా చేశాం. అది తమాషాకు చేసిన పనే. అయితే రిజిస్టర్డ్ పోస్టులో పంపింది మాత్రం తమాషాకు కాదు, పోకుండా ఉండాలని.

వారానికి కార్డు వచ్చింది. "లిస్టు అందింది. చేస్తా." నాలుగు నెలల తర్వాత ఇంకొకటి. "తయారైంది. రెండో శనివారం రండి."

నేను రెండు బస్సులు మారి పోయాను. పదకొండు గంటలకు మొదలుపెట్టాం. పటాలు పరచగానే గుట్టోడు నోరు తెరిచాడు. అంత శుభ్రమైన గీత మా లెక్చరర్లు కూడా గీయలేదు. గ్రహాల కక్ష్యలు, వలయాలు, మా లారీ నిలువుకోత, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆ బొమ్మ, సీటు కుచ్చులతో సహా ఉన్నాయి. పొద్దంతా సూది పట్టి, దీపం పెట్టేలోపు దొరికిన గంటలో గీశానని చెప్పాడు.

తర్వాత వాడు ట్రంకు మూత మీద మూడుసార్లు కొట్టాడు. రెండున్నరేళ్ళ కింద విన్న చప్పుడే.

"తలుపు తీస్తున్నరా?"

గుట్టోడు గవ్వలు అందుకున్నాడు. అందుకొని ఆగాడు. వాడి మొహంలో పాత కొంటెతనం కనిపించింది. "తియ్యను" అన్నాడు. "నేను కూడ లోపలి నుంచి మూడుసార్లు కొడుత. ఏమంటడో సూద్దం."

కరెంటోడు బస్తా మీద ముందుకు జరిగాడు. వాడికి నచ్చింది. నాకూ నచ్చింది.

ఉస్తాద్ ఒడిలోని ఫుల్‌స్కేప్ కాగితాల వైపు చూశాడు. ఒక పేజీ తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"గది లిస్టుల లేదు రా" అన్నాడు.

వెటకారంగా అనలేదు. క్షమాపణ అడుగుతున్నట్టు అన్నాడు.

"లేకుంటే ఏమాయె?" అన్నాడు గుట్టోడు.

"తలుపు తీస్తెనే అయిదోడు లోపలికొస్తడు. అయిదోడు వస్తెనే పెద్ద ప్రమాదం సంగతి చెప్తడు. గది చెప్తెనే నీ చెయ్యి నీకొస్తది. అన్ని ఒకదానికొకటి కట్టిన. జర తియ్యి."

గుట్టోడు నా వైపు చూశాడు. నేను కాగితాల వైపు చూశాను. వాడు గవ్వలు వేశాడు. రెండే పడ్డాయి. పాత రోజుల్లో అయితే తలుపు ఇరుక్కునేది, వేళ్ళు నలిగేవి, ఏదో ఒకటి జరిగేది. ఉస్తాద్ గవ్వల వైపు చూడలేదు. తలుపు తెరుచుకుంది. అవతల పాత ఓడ అయిదో మనిషి నిలబడి ఉన్నాడు.

"ఆఁ" అన్నాడు గుట్టోడు. "వీడే."

ఉస్తాద్ చెవి వెనక నుంచి పెన్సిలు తీసి రిమార్కుల గడిలో టిక్కు పెట్టాడు.

మధ్యాహ్నం భోజనానికి ముందు ఆటను కాసేపు ఆపాం. ఉస్తాద్ వాళ్ళ నాయన వడ్డించడానికి లేవబోతుంటే ఒక లారీ డ్రైవరు వచ్చాడు. సీటు కొలతలు రాసిన చీటీ తెచ్చాడు. యజమాని రాయించి పంపాడట. పెద్దాయన దాన్ని తీసుకొని సుత్తి కింద పెట్టాడు, చదవలేదు.

"కూసో" అన్నాడు, పీచు బస్తా చూపించి.

"కొలతలు రాసున్నయి గద చాచా."

"రాసున్నయి బేటా, గవి లారీ కొలతలు. నువ్వు కూసో."

డ్రైవరు కూర్చున్నాడు. పెద్దాయన వాడితో దారి సంగతులు మాట్లాడించాడు. ఎండల సంగతి, కర్నూలు దగ్గర వంతెన సంగతి. మాట్లాడుతున్నంతసేపూ వాడి నడుమును చూస్తూ ఉన్నాడు. ఏ పక్కకు ఒరుగుతున్నాడో, ఎప్పుడెప్పుడు కదులుతున్నాడో చూశాడు. వాడు లేచాక బస్తా మీద పడిన గుంటను అరచేత్తో తడిమాడు. "ఎడమ దిక్కు నొప్పి ఉన్నది నీకు" అన్నాడు. డ్రైవరు ఉన్నదన్నాడు. ఉస్తాద్ గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. వాడు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా డ్రైవరు వెళ్ళిపోయాక కూడా కాసేపు అలాగే నిలబడ్డాడు.

భోజనం తర్వాత మళ్ళీ కూర్చున్నాం. చెప్పడానికి పెద్దగా లేదు. ప్రతిదీ వచ్చింది. ప్రమాదం వచ్చింది, తుఫానుకంటే పెద్దదే. చేయి తిరిగి వచ్చింది. చాయ్ అవ్వ వచ్చింది. ఆమె మాటలు నోటుపుస్తకంలో రాసి ఉన్నాయి, ఉస్తాద్ చూసి చదివాడు. "చక్కెర ఎంత బిడ్డా" అంది. గుట్టోడు ఎంతో చెప్పాడు. ఆమె పోసింది, మేం తాగాం, ఆమె వెళ్ళిపోయింది. టిక్కు.

మేం ముగ్గురం బాగుందని చూపించడానికి చాలా ప్రయత్నించాం. కరెంటోడు సరైన చోట అబ్బా అన్నాడు. గుట్టోడు రెండు జోకులు వేశాడు, రెండింటికీ నేను ముందుగా నవ్వాను. ఉస్తాద్ తలెత్తకుండా చదువుతూ పోయాడు. వాడి వేలు వరుస సంఖ్యల మీద కిందికి జారుతూ ఉంది. ఆ వేలు నలభై దగ్గరున్నప్పుడు నాకు ఇంకా ఎన్ని మిగిలాయో తెలిసిపోయింది. నా జాబితా కదా. ఏం వస్తుందో తెలుసు, ఏ వరుసలో వస్తుందో తెలుసు. గవ్వలు ఎలా పడినా తేడా లేదని ఎవరూ అనలేదు, అయినా యాభై దాటాక వాటిని వేయడం మానేశాం. ఎవరు ముందు మానేశారో నాకు గుర్తులేదు.

మూడున్నరకు మంచు చేరవలసిన గ్రహానికి చేరింది. జనం కడవలతో ఎదురొచ్చారు. అయిపోయింది.

"బాగున్నది ఉస్తాద్" అన్నాడు కరెంటోడు.

"మస్తున్నది" అన్నాను నేను.

గుట్టోడు కాసేపు గవ్వల్ని చేతిలో ఆడించాడు. "అనుకున్నయన్ని వచ్చినయి" అన్నాడు. అది నిజం. మెప్పుగా కూడా వినిపించింది.

ముందు గదిలో నుంచి ఉస్తాద్ వాళ్ళ నాయన అడిగాడు. "ఏం బేటా, ఖతం అయిందా?"

"అయింది అబ్బా" అన్నాడు ఉస్తాద్.

వాళ్ళిద్దరూ మహబూబ్‌నగర్ బస్సు ఎక్కారు. నా బస్సుకు ఇంకా గంట ఉంది. ఉస్తాద్ నాతో రోడ్డు దాకా వచ్చాడు. కల్వర్టు గోడ మీద కూర్చున్నాం. లారీలు పోతున్నాయి. నేను అడిగాను.

"మేం లిస్టు పంపకపోతే, తలుపు దగ్గర ఎవరు ఉండెటోళ్ళు?"

"నాకు తెల్వదు."

"నిజం చెప్పు. అప్పుడు హాస్టల్ల కొట్టినప్పుడు ఎవర్ని అనుకున్నవు?"

"ఎవర్ని అనుకోలేదు రా. కొట్టిన. మీ మొహాలు జూసిన. ముగ్గురివి మూడు తీర్ల ఉండె." చిన్న రాయి తీసి రోడ్డు మీదికి విసిరాడు. "నేను ఎప్పుడు ముందుగాల అనుకోలేదు. చాయ్ అవ్వను అనుకున్ననా? గుట్టోడు చాయ్ అన్నడు, వాని మొహం జూసిన, అవ్వ వచ్చింది. ఇంట్ల ఒక్కణ్ణి కూసుంటే ఎవ్వరు రాకపోయెటోళ్ళు. గందుకే రెండేండ్లు తలుపు కాడ్నే ఉన్న."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"కార్డు రాసిన గదా."

కార్డు ఇంట్లో నా ఫైలులో ఉంది, తేదీ వారీగా పెట్టిన చోట.

"మల్ల మొదలుపెడుదం" అన్నాను. "లిస్టు లేకుంట. నేను నెలకోసారి వస్త. వాళ్ళను కూడ తీస్కొస్త."

"సూద్దం" అన్నాడు. "మీరు తప్పు చేసిండ్రని అనుకోకు. మంచిగనే రాసిండ్రు. చేతగాక నేనే అడిగిన" అన్నాడు. బస్సు వచ్చినప్పుడు చొక్కా జేబులో మడిచి పెట్టిన ఫుల్‌స్కేప్ కాగితాలు తీసి నా చేతిలో పెట్టాడు. "నీ రికార్డుకు."

ఆ తర్వాత రెండేళ్ళలో మేం నలుగురం కలిసింది మూడుసార్లు. రెండు పెళ్ళిళ్ళు, ఒక చావు. ఎవరూ మూడో ప్రయాణం గురించి మాట్లాడలేదు. మొదటి రెండింటి గురించి మాట్లాడుకున్నాం. ఇసుక తుఫాను ఇప్పుడు నాలుగు ఆదివారాలు.

పోయిన నెల పని మీద కర్నూలు పోతూ కొత్తకోటలో దిగాను. దుకాణంలో ఉస్తాద్ ఒక్కడే ఉన్నాడు. పెద్దాయనకు ఇప్పుడు చూపు ఆనడం లేదు, ఇంట్లోనే ఉంటున్నాడు. ఎవరో డ్రైవరు బస్తా మీద కూర్చొని ఉన్నాడు. ఉస్తాద్ వాడితో ఇంటి సంగతులు మాట్లాడుతూ వాడి నడుమును చూస్తున్నాడు. నన్ను చూసి కూర్చోమని సైగ చేశాడు, మాట మాత్రం ఆపలేదు. కత్తిరించాల్సిన రెగ్జిన్ మీద సీటు ఆకారానికి ఒక నమూనా పరచి ఉంది. ట్రేసింగ్ గుడ్డతో చేసిన నమూనా, దాని ఒక మూల నల్ల సిరాతో గీసిన వలయాల గ్రహం సగం కనిపిస్తోంది. మంచి గుడ్డ, చిరగదు. దాన్ని అలా వాడటం సరైన పనే. నేను చూశానని వాడు చూశాడు. చాయ్ తెప్పించాడు. "చక్కెర ఎంత" అని అడిగాడు. ఒకటి చాలన్నాను.

ఇంటికి వచ్చాక ఫైలులోంచి ఆ నాలుగు కాగితాలు తీశాను. పోస్టుకార్డు కూడా తీసి పక్కన పెట్టాను. రిమార్కుల గడిలో పెన్సిలు గుర్తులు అక్కడక్కడా మాసిపోతున్నాయి, కానీ కనిపిస్తున్నాయి. పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి లెక్కపెట్టాను. అంశాలు అరవై మూడు, చివరిది గుట్టోడు కలపమన్నది. టిక్కులు అరవై రెండు.